పరిసరాలు పిల్లల గుణాన్ని ఎంతవరకు మలుస్తాయి? ఇంట్లో చదివించే విశ్వాసుల చర్చ

బైరాగిపట్టెడ అమ్మ:
అందరికీ వందనాలు. మాది తిరుపతి, అద్దె పోర్షన్. పిల్లలు ఇద్దరు, 6, 9 ఏళ్లు, ఇంట్లోనే చదివిస్తున్నాం. నా ప్రశ్న పాఠాల గురించి కాదు, గుణం గురించి. గోడ పక్కవాళ్ల టీవీ సాయంత్రం మొదలైతే రాత్రి భోజనాల దాకా ఆగదు. వీధిలో ఆడుకునే పిల్లల నోట బూతులు. చుట్టాలు వస్తే చాలు, పిల్లల చేతికి ఫోన్. చంద్రగిరి వైపు ప్రశాంతమైన చోటికి మారదామని మావారు. ఎక్కడున్నా పిల్లలు వాళ్ల బుద్ధి కొద్దే పెరుగుతారని మా అత్తగారు. పరిసరాల బలం నిజంగా ఎంత? ఇల్లు మారేకంటే ముందు సర్దుకోవాల్సినవి ఏమైనా ఉంటే వివరంగా చెప్పండి.

పలమనేరు నాన్న:
వందనాలు సిస్టర్. ఇల్లు మారే ఆలోచనని కొన్నాళ్లు పక్కన పెట్టండి. పరిసరాలకి బలం లేదని కాదు. అబ్రాహాము సోదరుడి కొడుకు లోతు, ముందు చెడ్డ ఊరని పేరుపడ్డ సొదొమ దగ్గర గుడారం వేశాడు (ఆది 13:12). మరుసటి అధ్యాయానికల్లా సొదొమలోనే కాపురం (14:12). 19వ అధ్యాయం మొదలయ్యేసరికి ఆ ఊరి గవిని (ఊరి ద్వారం) దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఇంటిల్లిపాదికీ ఆ ఊరు పట్టేసింది. అదే బైబిల్లో దానియేలు బందీగా పోయిన పరాయి ఊరు బబులోనులో, బబులోనువాళ్ల చదువే చదివి పెద్దవాడయ్యాడు. ఆయనకి రోజుకి మూడుసార్లు మోకరించే అలవాటు, యెరూషలేము తట్టు తెరిచిన కిటికీ ఉన్నాయి (దానియేలు 6:10). అంత పెద్ద ఊరి మధ్య ఆయన పరిసరం ఆ గది.

ఇంకో లెక్క చూడండి. 9 ఏళ్ల పిల్ల రోజుకి 10 గంటలు నిద్రపోతే మెలకువగా ఉండేది 14 గంటలు. బడికి పోయే పిల్ల అందులో సగం బయట గడుపుతుంది. మన పిల్లలు వీధిలో గంటన్నర ఆడినా, మిగతా పన్నెండున్నర గంటలు మన కళ్ల ముందే. బడి పరిసరాన్ని మనం తీసేశాం కాబట్టి ఆ బరువంతా ఇంటి మీద పడింది. బడి పిల్లల ఇంట్లో సాగిపోయే లోపం మన ఇంట్లో రెండింతలు పనిచేస్తుంది.

అందుకని ముందు ఒక వారం ఏమీ మార్చకుండా రాయండి. నోటు పుస్తకంలో గంటకో వరస, మూడు గళ్లు: ఎవరి దగ్గర ఉన్నారు, చెవిన ఏం పడింది, చేతిలో ఏముంది. పిల్లలకి చూపించొద్దు, చూస్తే వాళ్ల నడక మారిపోతుంది. ఏడు రోజులయ్యాక మూడు రంగుల పెన్నులు తీసుకుని మేలైనవి, చెడ్డవి, ఏదీ కానివి గీయండి. ఏదీ కానివే ఎక్కువ ఉంటాయి. అవి ఖాళీ గంటలు. చెడు దూరేది అక్కడే.

తర్వాత హాలు. కుర్చీలన్నీ ఏ వైపు తిరిగి ఉన్నాయో చూడండి. టీవీ వైపు తిరిగి ఉంటే ఆ గది దేనికో పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా వేయండి. టీవీ ఉంటే పక్క గోడకి మార్చండి, చూడనప్పుడు గుడ్డ కప్పండి. బెడ్‌రూమ్‌లోకి మాత్రం తోయొద్దు. అక్కడ తలుపు మూసుకుంటే ఏం చూస్తున్నారో ఎవరికీ తెలీదు.

పుస్తకాలు పిల్లల కంటి ఎత్తులో, అట్ట కనపడేలా ఎనిమిదో పదో చాలు. మిగతావి ట్రంకు పెట్టెలో. పదిహేను రోజులకోసారి మార్చండి. వీపులు మాత్రమే కనపడేలా నలభై పుస్తకాలు కుక్కితే ఒక్కటీ తీయరు. బైబిలు ఎవరిది వాళ్లకి ఉండాలి, చేయి అందే చోట ఉండాలి. బీరువా పైన ఉన్న బైబిలు గౌరవంగా కనపడుతుంది కానీ పిల్ల దాన్ని తెరవదు.

సంచి, తువ్వాలు తగిలించే మేకులు పిల్లల భుజం ఎత్తులో కొట్టండి, ఆరేళ్లవాడికి దాదాపు మూడడుగులు. మీ ఎత్తులో కొట్టి రోజూ "తగిలించు" అని అరిస్తే తప్పు మేకుది. రాసుకునే బల్ల కూడా అంతే. నాలుగడుగుల పిల్లకి కుర్చీ సుమారు 14 అంగుళాలు, బల్ల 23 అంగుళాలు ఉండాలి. పాదాలు నేలకి ఆనాలి. కాళ్లు వేలాడుతూ కూర్చున్న పిల్లని కుదురు లేదని తిట్టేవాళ్లే ఎక్కువ.

సండే స్కూల్ టీచర్, చిత్తూరు:
బ్రదర్ చెప్పిన గళ్లలో నాలుగోది ఒకటి కలపమంటాను: ఈ రోజు మేం ఇచ్చిన మాట ఏది, నిలబెట్టుకున్నది ఏది.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లలతో చేసిన పరీక్ష ఒకటి 2013లో అచ్చయింది. పిల్లలంతా మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. ముందు అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెస్తానని పెద్దమనిషి చెప్పి వెళ్తుంది. సగం మందికి తెచ్చింది. సగం మందికి "సారీ, లేవు" అంది. స్టిక్కర్లతోనూ అట్లాగే. ఆ తర్వాత ఒక మిఠాయి ముందు పెట్టి, 15 నిమిషాలు ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబడిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన వాళ్ల దగ్గర ఉన్న పిల్లలు 3 నిమిషాలు. మొదటి గుంపులో 14 మందిలో 9 మంది చివరిదాకా ఆగితే, రెండో గుంపులో ఆగింది ఒక్కరే. అదే వయసు పిల్లలు. తేడా ఎదుటి మనిషి మాటలోనే. ఆశానిగ్రహం పిల్ల లోపల పుట్టే గుణమని మనం అనుకుంటాం. అందులో పెద్ద వాటా చుట్టూ ఉన్నవాళ్ల మాట మీద నమ్మకమే.

మన ఇళ్లలో ఇది ఎక్కడ చెడుతుందంటే "తర్వాత చూద్దాం" దగ్గర. చేసే ఉద్దేశం ఉంటే ఎప్పుడో చెప్పండి: "భోజనం అయ్యాక". లేకపోతే "లేదు" అనండి. పిల్లలు లేదన్న మాటకి కాసేపు ఏడ్చి ఊరుకుంటారు. తప్పిన మాట మాత్రం మనసులో పెట్టుకుంటారు. బెదిరింపులూ మాటలే. "ఇంకోసారి చేస్తే నిన్ను ఇంట్లో వదిలేసి చర్చికి పోతాం" అనేది ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. మరి అనడం దేనికి?

పిల్లల కళ్ల ముందు పెద్దలు ఆడే చిన్న అబద్ధాలు ఇంకా బలమైన పరిసరం. ఆర్టీసీలో 5 నుంచి 12 ఏళ్ల దాకా అర టిక్కెట్టు. చిత్తూరు బస్సులో కండక్టర్ వయసు అడిగితే ఆరేళ్లవాడిని ఒళ్లోకి లాక్కుని "నాలుగన్నర" అనేస్తారు. ఆ పిల్లాడికి తన వయసు తెలుసు. వాడు అమ్మ మొహం చూస్తాడు, కండక్టర్ మొహం చూస్తాడు, ఏమీ అనడు. ఆ వారం కంఠస్థ వాక్యం "ఒకనితో ఒకడు అబద్ధమాడకుడి" అయినా సరే, వాడు నేర్చుకున్నది బస్సులోదే. ఫోన్ మోగితే "నాన్న లేడని చెప్పు" అనడమూ ఈ జాతిదే.

ఇంకొకటి, కుటుంబ ప్రార్థన. "ప్రభువా, ఈ అబ్బాయి అబద్ధాలు మానేలా చేయి" అని పిల్లాడు వింటుండగా గట్టిగా ప్రార్థించొద్దు. అది దేవుడితో మాట్లాడుతున్నట్టు పిల్లాడిని తిట్టడం. తప్పు గురించి మాట్లాడాలంటే పక్కకి తీసుకెళ్లి మాట్లాడండి. ప్రార్థన 15 నిమిషాలు దాటొద్దు: ఒక పాట, పది వచనాలు, విన్నది పిల్ల తన మాటల్లో చెప్పడం, తలా ఒక వాక్యం ప్రార్థన. ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికి రాగానే అయ్యగారి ప్రసంగాన్ని, పక్కవాళ్ల చీరని తూకం వేసే మాటలు మానండి. ఆ ఒక్క గంట ఆరు రోజుల బోధని కడిగేస్తుంది.

రేణిగుంట బ్రదర్:
ప్రైజ్ ది లార్డ్. పైన ఇద్దరూ చెప్పింది సరే, కానీ సహవాసం సంగతి తేలిగ్గా తీసేస్తున్నారు. "మోసపోకుడి. దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును" (1 కొరింథీ 15:33). పౌలు ఈ మాట రాసింది పెద్దవాళ్లైన విశ్వాసులకి. పెద్దవాళ్లకే ఆ హెచ్చరిక అవసరమైతే ఆరేళ్లవాడి మాటేమిటి? సామెతలు 13:20 కూడా అదే చెబుతుంది: మూర్ఖుల సహవాసం చేసేవాడు చెడిపోతాడు. మనం ఇంట్లో చదివించేదే పిల్లలు తోటిపిల్లల చేతిలో కాకుండా పెద్దల చేతిలో పెరగాలని. సాయంత్రం మళ్లీ వీధికి వదిలితే పొద్దున కట్టింది సాయంత్రం పడగొట్టుకోవడమే. నా సలహా, ఎనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దలు లేకుండా వీధి ఆట వద్దు. సంఘంలోని రెండు మూడు కుటుంబాల పిల్లలతో వారానికి రెండుసార్లు ఆట చాలు.

శ్రీకాళహస్తి అక్క:
బ్రదర్, మీ భయం నాకు అర్థమవుతుంది. పెద్దలు లేకుండా వద్దన్నదాంతో ఏకీభవిస్తాను. సంఘం పిల్లలైతే చాలన్నదాంతో మాత్రం కాదు. చర్చి పిల్లలు అబద్ధమాడరనీ, కొట్టుకోరనీ ఎవరూ అనలేరు. మనిషిని అపవిత్రం చేసేది లోపల్నించి వచ్చేదే అని ప్రభువు చెప్పాడు (మార్కు 7:20-23). చెడు అంతా బయటివాళ్ల దగ్గరే ఉంటుందని నేర్చుకున్న పిల్ల తన తప్పుని తానెప్పుడూ చూసుకోదు. బూతులు రాని పిల్లకి ఇతరుల్ని చిన్నచూపు చూసే గుణం వస్తే మనం గెలిచినట్టా? "లోకములోనుండి వారిని తీసికొనిపొమ్మని" ప్రార్థించడం లేదని ఆయనే అన్నాడు (యోహాను 17:15).

పిల్లల్ని వీధికి పంపేబదులు వీధిని మీ గడపలోకి పిలవండి. సాయంత్రం 4:30 నుంచి 6 దాకా, ఒకసారికి నలుగురు పిల్లలు మించకుండా. ఐదో పిల్ల వస్తే రెండు జట్లవుతాయి, మీరు చూడలేరు. మీరు వరండాలో కూరగాయలు తరుగుతూ కూర్చోండి. వినపడేంత దగ్గర, ఆటలో తలదూర్చనంత దూరం. క్యారమ్స్, తాడాట, గోళీలు, అష్టాచెమ్మ. మొదట్లోనే బొరుగులు, శనక్కాయలు పెట్టండి. ఆకలి మీద ఉన్న పిల్లలే తొందరగా కొట్లాడుకుంటారు. నియమాలు మూడే: కొట్టడం లేదు, బూతు లేదు, ఎవరినీ ఆటలోంచి వెళ్లగొట్టడం లేదు. అవి మీ పిల్లలకీ వర్తించాలి, ముందు వాళ్లకే.

తిరుపతిలో ఇంకో సంగతి ఉంది. పక్కింటివాళ్లు కొండకి పోయొచ్చి ప్రేమగా లడ్డు తెస్తారు. తీసుకునే విషయంలో మన కుటుంబాల్లోనే రకరకాల మనస్సాక్షులు ఉన్నాయి (విగ్రహాలకి పెట్టిన తిండి గురించి 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి భార్యాభర్తలు ముందే మాట్లాడుకోండి). ఏ నిర్ణయమైనా తలుపు దగ్గర మాట్లాడాల్సింది పెద్దవాళ్లు, పిల్లలు కాదు. ఆరేళ్ల పిల్ల "అది మేం తినం, తప్పు" అంటే అది సాక్ష్యం కాదు, అమర్యాద. పిల్లకి నేర్పాల్సింది ఇంతే: "నమస్తే ఆంటీ, కూర్చోండి, అమ్మని పిలుస్తాను." వద్దనేవాళ్లు ఏడాది పొడవునా వేరే ఇచ్చిపుచ్చుకోవడాలు పెట్టుకోవాలి. మామిడికాయల కాలంలో కాయలు, ఒంట్లో బాగాలేనప్పుడు జావ, క్రిస్మస్‌కి కేకు. మనకీ వాళ్లకీ మధ్య జరిగేది వద్దనడం ఒక్కటే అయితే పిల్లలు పొరుగువాణ్ని ప్రేమించడం ఎక్కడ నేర్చుకుంటారు?

బైరాగిపట్టెడ అమ్మ:
వరండా ఆలోచన బాగుంది అక్కా. ఆటలో బూతు వినపడితే ఆ క్షణంలో ఏం చేయాలి? మా చిన్నోడు వినొచ్చి ఇంట్లో అనేస్తాడు, అర్థం కూడా తెలీదు. ఇంకా ఫోన్ సంగతి ఎవరైనా చెప్పండి.

శ్రీకాళహస్తి అక్క:
నవ్వొద్దు, కొట్టొద్దు, ఉలిక్కిపడొద్దు. ఈ మూడింటిలో ఏది చేసినా ఆ మాటకి బలముందని వాడికి తెలుస్తుంది. పెదనాన్న పిల్లలు నవ్వితే మళ్లీ అంటాడు, వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. మామూలు గొంతుతో "ఈ మాట మనింట్లో వాడం. కోపమొస్తే 'నాకు నచ్చలేదు' అను" అని చెప్పి, ఒకసారి అనిపించి వదిలేయండి. ఎవరన్నారని కూపీ లాగొద్దు, చాడీలు చెప్పడం నేర్చుకుంటాడు. వేరే పిల్ల అంటే అదే గొంతుతో అదే మాట. మూడోసారి అంటే ఆ రోజుకి ఆట అయిపోయింది, రేపు రమ్మనండి. రేపు రమ్మనడం మర్చిపోవద్దు.

పుంగనూరు తమ్ముడు:
అక్కా, ఫోన్ సంగతి నేను చెప్తాను. పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దలు అదుపు చేసే ఫ్యామిలీ లింక్ అనే యాప్ అందరూ చెప్తారు. అది పిల్లకి సొంత ఫోనుంటేనే పనికొస్తుంది. మీ ఫోనే వాళ్లు వాడుతుంటే దానికి పని లేదు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద యాప్ పిన్నింగ్ ఉంటుంది (కొన్ని ఫోన్లలో స్క్రీన్ పిన్నింగ్ అంటారు). పాఠం తెరిచి పిన్ చేసి ఇస్తే మీ లాక్ నంబరు లేకుండా ఇంకో యాప్‌లోకి పోలేరు. విప్పేటప్పుడు నంబరు అడిగేలా కింద ఇంకో గుర్తు ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. చాలామంది అది వదిలేస్తారు, పిల్లలు రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు.

యూట్యూబ్‌లో రెండు పనులు చేయండి. ఆటోప్లే ఆపండి. వాచ్ హిస్టరీ ఆపి, పాతదంతా తుడిచేయండి. అప్పుడు హోమ్ పేజీలో వీడియోలు పేర్చిపెట్టడం ఆగిపోతుంది, వెతికినవే వస్తాయి. ఇంకా మంచిది, కావాల్సిన వీడియో రాత్రే డౌన్‌లోడ్ చేసి, పొద్దున ఏరోప్లేన్ మోడ్‌లో చూపించడం. ఒకటి చూశాక ఇంకొకటి పిలవడానికి ఉండదు.

ఫోన్లన్నీ హాల్లో ఒకే చోట ఛార్జింగ్. రాత్రి 9 తర్వాత పెద్దవాళ్లవీ అక్కడే. ఈ నియమం నాన్నకి వర్తించకపోతే పెట్టకపోవడమే నయం.

చుట్టాలకి వచ్చాక చెబితే నొచ్చుకుంటారు. బయల్దేరే ముందు ఫోన్‌లోనే చెప్పండి: "అత్తా, పిల్లలకి ఫోన్ అలవాటు చేయడం లేదు, నువ్వొస్తే మీ ఊరి కబుర్లు చెప్పాలి, ఎదురుచూస్తున్నారు." వద్దు అనే మాట పక్కనే ఒక పని చేతిలో పెడితే పెద్దవాళ్లు సంతోషిస్తారు. మీ పిల్లల వయసు దాటిపోయింది కానీ, ఇంట్లో చంటిపిల్లలు ఉన్నవాళ్లకి: రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రెండేళ్ల లోపు వాళ్లకి అసలు వద్దంది.

కుప్పం టీచరమ్మ:
ఇంటి చదువు మీద ఎక్కువమంది చదివే ఇంగ్లండు అధ్యాపకురాలు షార్లెట్ మేసన్ (1842-1923) చదువుకి మూడు సాధనాలు చెప్పారు: వాతావరణం, క్రమశిక్షణ, జీవం. వాతావరణం అంటే పిల్లలకోసం విడిగా తయారుచేసిన బొమ్మలిల్లు కాదని ఆమే స్పష్టంగా అన్నారు. మామూలు ఇల్లు, అందులోని మనుషులు, వస్తువులు, వాటి మధ్య పిల్ల స్వేచ్ఛగా బతకడం. పైన అందరూ వాతావరణం గురించి మాట్లాడారు. రెండోదాన్ని, క్రమశిక్షణని, అంటే అలవాటుని, నేను ఎత్తుకుంటాను. పరిసరం పిల్లలో నిలిచేది అలవాటు రూపంలోనే.

ఒకసారికి ఒకే అలవాటు. చెప్పులు స్టాండులో పెట్టడం అనుకోండి. ముందు దాన్ని రోజూ జరిగే ఒక పనికి కట్టేయండి: గడప దాటగానే. మొదటి వారం మీరూ పిల్లతోపాటే వంగి పెట్టండి. రెండో వారం నుంచి నోటితో గుర్తు చేయొద్దు. పిల్ల మర్చిపోతే భుజం మీద చెయ్యేసి ఆగండి, చెప్పుల వైపు చూడండి. తనే గుర్తు తెచ్చుకోవాలి. నోటితో చెబుతూ పోతే అమ్మ అరవడమే ఆ అలవాటుకి గంట అవుతుంది, అమ్మ లేనిరోజు చెప్పులు వీధిలో. "ఈ ఒక్కరోజుకి పోనీ" అనే మాట దగ్గరే అలవాటు విరిగిపోతుంది. ముఖ్యంగా పండగలప్పుడు, ప్రయాణాలప్పుడు.

ఎన్నాళ్లు? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మంది పెద్దల మీద చూస్తే, ఒక పని తనంతట తాను జరిగేదాకా రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254. పిల్లలకీ రెండు మూడు నెలలు ఇవ్వండి. 21 రోజుల్లో అయిపోతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మి, ఇరవై రెండో రోజున వదిలేస్తారు. నక్షత్రాల చార్టులు వద్దంటాను. చార్టు తీసేసిన రోజు పనీ ఆగుతుంది.

నిజం చెప్పడం కూడా సాధన చేయించొచ్చు. కిటికీలోంచి శేషాచలం కొండలు కనపడితే ఒక నిమిషం చూసి రమ్మనండి, చూసింది చూసినట్టు చెప్పమనండి. "చాలా పక్షులు" అంటే ఎన్ని అని అడగండి. "వాడు ఎప్పుడూ నన్ను కొడతాడు" అంటే ఈ రోజు ఎన్నిసార్లు అని అడగండి. పెంచి చెప్పడం తగ్గితే అబద్ధానికి చోటు తగ్గుతుంది. మీరూ "వందసార్లు చెప్పాను" అనడం మానాలి.

రేణిగుంట బ్రదర్:
టీచరమ్మ చెప్పిన చివరి మాట నాన్నలకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" (కొలస్సీ 3:21) అని పౌలు పేరు పెట్టి తండ్రులకే చెప్పాడు. రోజంతా తల్లి కట్టిన వాతావరణం, ఏడింటికి నాన్న బండి శబ్దం వినగానే మారిపోయే ఇళ్లు ఉన్నాయి. పని మీద కోపం గడప బయట వదలాలంటే మాటలు చాలవు, పద్ధతి కావాలి: రాగానే కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, పది నిమిషాలు ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చోవడం. పిల్లల మీద ఫిర్యాదులు ఆ పది నిమిషాల్లో చెప్పొద్దని ఇంట్లో ఒప్పందం. వరండా సంగతిలో అక్క చెప్పింది ఆలోచించాను, పెద్దలు వినపడేంత దూరంలో ఉంటే నాకూ అభ్యంతరం లేదు.

సండే స్కూల్ టీచర్, చిత్తూరు:
తల్లుల వైపు నుంచి ఒకటి. గొంతు పెరిగేది ఎక్కువగా ఎండకీ అలసటకీ. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక లెక్కలు చెప్పొద్దు. పొద్దున 6:30 నుంచి 9:30 లోపు కష్టమైన పాఠాలు అయిపోవాలి, ఆరేళ్లవాడికి ఒక్కోటి 15 నిమిషాలు మించకుండా. మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా ఇల్లంతా నిశ్శబ్దం, తలా ఒక మూల, తలా ఒక పుస్తకం, నిద్రొస్తే నిద్ర. ఆ గంట అమ్మకోసం. దాన్ని అంట్లతో నింపేయొద్దు.

శ్రీకాళహస్తి అక్క:
ఇల్లు మాత్రమే పరిసరం కాదని కూడా గుర్తుంచుకోండి. బయట మంచి పని జరిగే చోట్లు ఎన్నో ఉన్నాయి మన చుట్టూ. మా ఊళ్లో కలంకారీ చేసేవాళ్ల దగ్గర పిల్లల్ని అరపూట కూర్చోబెట్టండి, ముందే అడిగి. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి, పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. నలుపు రంగు కోసం ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెట్టాలి. తొందరపడితే నలుపు రాదు. ఓపిక గురించి పాఠం చెప్పే బదులు ఆ కుండ చూపించండి. కళాకారుడు ఎవరి కథ గీస్తున్నాడన్నది పిల్లలు అడుగుతారు, గౌరవంగా చెప్పండి.

చలికాలంలో సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకి పోతే పెలికాన్లు (గూడబాతులు) చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని సాకడం కనపడుతుంది. తెల్లారే పోవాలి, మాట్లాడకుండా చూడాలి. కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చోవడం పిల్లలకి అక్కడే వస్తుంది. అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్, చంద్రగిరి కోట మీకు పక్కనే.

సేవ చేసినవాళ్ల చోట్లు కూడా చూపించండి. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు. ఐడా స్కడర్ 1900లో అక్కడ ఒకే మంచంతో మొదలుపెట్టిందే ఈ రోజు సీఎంసీ ఆస్పత్రి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం కట్టిన ఆస్పత్రి ఉంది. మందులు లేని రోజుల్లో గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండితోనే రోగుల్ని చూసుకున్నారు. ఆ చరిత్ర ఇంట్లో చెప్పి, తర్వాత తీసుకెళ్లండి. లోపలికి గుంపుగా పోవద్దు, అది ఆస్పత్రి. తిరిగొచ్చాక సంఘంలో మంచం పట్టిన ముసలమ్మ దగ్గరికి వారానికోసారి పిల్లల్ని తీసుకెళ్లండి. అరగంట. చిన్నవాడు నీళ్లు ఇస్తాడు, పెద్దది కీర్తన చదువుతుంది. ఫోటోలు తీయొద్దు.

ఇంటి చదువు మోడరేటర్:
చుట్టాల "సర్టిఫికెట్ ఎట్లా" ప్రశ్న కూడా ఇంటి వాతావరణాన్ని చెడగొట్టేదే కాబట్టి క్లుప్తంగా చెప్తున్నాను. 14 ఏళ్లు నిండితే ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్) పదో తరగతి రాయొచ్చు, కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. ఐదేళ్ల గడువులో విడతలుగా రాసుకోవచ్చు, తెలుగు మీడియం ఉంది. అంతకంటే చిన్నవాళ్లకి అక్కడే ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకి సమానం. తేదీలు, ఫీజులు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏటా మారుతుంటాయి. పిల్లల ముందు ఈ వాదన పెట్టుకోవద్దు. రోజూ తమ చదువు మీద పెద్దలు పోట్లాడుకోవడం వింటే వాళ్లకి తామే సమస్య అనిపిస్తుంది.

బైరాగిపట్టెడ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. ఈ సోమవారం నుంచి వారం రోజుల లెక్క రాస్తాను, ఇల్లు మారే మాట వేసవి అయ్యేదాకా పక్కన పెడుతున్నాం. ఒక్కటే మిగిలింది, పక్కింటి సీరియల్ శబ్దం. మేం ప్రార్థనకి కూర్చునే టైముకే వాళ్ల ఏడుపులు మొదలవుతాయి.

పలమనేరు నాన్న:
రెండు పనులు సిస్టర్. శబ్దం గోడలోంచి కంటే కిటికీ సందుల్లోంచి, తలుపు కింద నుంచి ఎక్కువ వస్తుంది. ఆ వైపు కిటికీ రెక్కల అంచులకి నురుగు టేపు అంటించండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. తలుపు కింద సందుకి పాత చీర చుట్టి పెట్టండి. ఉమ్మడి గోడకి బట్టల బీరువానో, నిండుగా పుస్తకాలున్న అరో ఆనించండి. ఖాళీ అర పనిచేయదు. పూర్తిగా ఆగదు కానీ మాటలు అర్థంకాకుండా పోతాయి, పిల్లల్ని లాగేది మాటలే.

ప్రార్థన టైము సాయంత్రం 6కి జరపండి, వరండాలో ఆట ముగిసి పిల్లలు కాళ్లు కడుక్కోగానే. రాత్రి నిద్రముందు ఒక్క పాట చాలు. ఇవన్నీ చేశాక కూడా ఇబ్బందైతే పక్కింటమ్మతో ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. ఫిర్యాదుగా కాకుండా, మీ పిల్లలు ఎన్నింటికి పడుకుంటారో చెప్పి ఆ గంటకి కాస్త తగ్గించమని అడగండి. పోయేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు.